చలికాలపు ఉదయము – స్కూటరు ప్రయాణము

పుష్యమాసములో పూస గుచ్చ పొద్దుండదని మన పెద్దల మాట. పగలు కురచనై రాత్రి పొడుగైన ఆ దినములలోనే మన మొదటి గంట పాఠములు, ప్రయోగశాల తరగతులు తెల్లవారుతూనే ప్రారంభమవుతాయి. ఇంటి నుండి స్కూటరుపై బయలుదేరిన విద్యార్థి కళాశాల ద్వారము చేరుసరికి వ్రేళ్లు కొంకర్లు పోయి, కలము పట్టలేక, హాజరు పిలిచినప్పుడు పలుకుటకు కూడ పెదవులు కదలక నిలుచుండుట మనమందరము చూచినదే. దానిని నవ్వుకొని మరచిపోతాము. అయితే గత చలికాలములో మాలో ఒకరు చెరువు కట్ట మలుపు వద్ద బ్రేకు పట్టబోయి, వ్రేళ్లు ముడుచుకొనక, బండితో సహా ప్రక్కనున్న గుంటలోనికి జారిపోయినారు. మోచేతి గాయముతో బయటపడుట అదృష్టమే. నాటి నుండి మాకు ఇది నవ్వులాట విషయముగా తోచలేదు. తరగతిలో చదివిన ఉష్ణ పాఠమును ఈ ప్రశ్నకు అన్వయించి చూచితిమి. ఆ పరిశీలన ఫలితమే ఈ వ్యాసము.

మన చలి ఎంత?

మంచు కురియని దేశములో చలిని గురించి ఇంత చర్చ ఎందుకని కొందరు అడుగవచ్చును. హైదరాబాదు నగరములో 1946 జనవరిలో ఉష్ణోగ్రత 6.1 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగినది. ఉత్తర తెలంగాణములో ఆదిలాబాదు, ఆసిఫాబాదు ప్రాంతములలో డిసెంబరు, జనవరి నెలలలో 10 డిగ్రీలకు లోపు దిగుట పరిపాటి. కొన్ని సంవత్సరములలో 5 డిగ్రీలకు కూడ దిగును. విశాఖ మన్యములోని లంబసింగి సంగతి చెప్పనే అక్కరలేదు.

ఇక్కడ ఒక విశేషమును గమనింపవలెను. రాత్రి ఆకాశము నిర్మలముగా ఉన్నప్పుడు భూమి తన వేడిని కిరణముల రూపమున పైకి విడిచి చల్లబడుతూనే ఉండును. సూర్యుడు వచ్చి ఆ నష్టమును పూడ్చువరకు ఈ చల్లబాటు ఆగదు. కావున దినమంతటిలో అతి చల్లని సమయము అర్ధరాత్రి కాదు, సూర్యోదయ వేళ. అనగా మనము బండి తీయు వేళయే. పైగా చల్లని గాలి బరువైనది. అది పల్లమునకు జారి నిలుచును. వాగు వంతెన మీద, చెరువు కట్ట దిగువన ఒక్కసారిగా చలి కోసినట్లగుటకు ఇదియే ముఖ్య కారణము.

కదలని గాలి, కదలెడి గాలి

మన శరీరపు లోపలి ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీలు. శరీరము తన వేడిని నాలుగు మార్గములలో కోల్పోవును: తాకిన వస్తువునకు వహనము ద్వారా, చుట్టునున్న గాలికి సంవహనము ద్వారా, కిరణముల రూపమున వికిరణము ద్వారా, తడి ఆరునప్పుడు బాష్పీభవనము ద్వారా. స్కూటరు నడుపువానికి వీటిలో ప్రధాన శత్రువు సంవహనము.

నిశ్చలముగా ఉన్న గాలి వేడిని బహు నెమ్మదిగా మాత్రమే సాగనిచ్చును. మన ఇళ్లలోని చలి సాధనములన్నియు ఈ గుణము మీదనే ఆధారపడినవి. ఉర్దూ మాటలాడు ఇంటిలో రజాయి, తెలుగు మాటలాడు ఇంటిలో బొంత, గొర్రెల కాపరి భుజముపై గొంగడి. పేర్లు వేరైనను మనలను కాపాడునది అన్నిటిలోను ఒక్కటే. దూదిలో, బట్ట మడతలలో, ఉన్ని పోగుల నడుమ చిక్కుకొని కదలలేక నిలిచిన గాలియే మనకు కంబళి. గాలి కదిలినచో ఈ మేలు పోవును. శరీరము వెచ్చజేసికొన్న పలుచని గాలి పొరను ఎదురుగాలి క్షణక్షణము ఎత్తుకొనిపోవును. శరీరము మరల క్రొత్త పొరను వెచ్చజేయవలసి వచ్చును.

దీనిని ఇంటిలోనే పరీక్షింపవచ్చును. రెండు స్టీలు గ్లాసులలో సమానముగా వేడినీరు పోసి, ఒకదానిని మూలన, మరొకదానిని ఫ్యాను ఎదుట ఉంచి, పది నిమిషముల పిదప తాకి చూడుడు. గదిలోని గాలి రెండింటికి ఒకటే అయినను ఫ్యాను ఎదుటి నీరే ముందుగా చల్లారును. స్కూటరుపై కూర్చున్న మనము ఆ రెండవ గ్లాసు వంటివారము. ఊరంతయు గాలి లేక నిలిచి ఉన్నను, మన వేగమే మనకు గాలి.

ఈ ప్రభావమును లెక్క కట్టుటకు మొదట ప్రయత్నించినవారు అమెరికా శాస్త్రజ్ఞులు పాల్ సైపుల్, చార్లెస్ ప్యాసెల్. వారు అంటార్కిటికాలో గాలిలో వ్రేలాడగట్టిన గొట్టములోని నీరు గడ్డకట్టుటకు పట్టు కాలమును కొలిచి, 1945లో తమ ఫలితములను ప్రకటించినారు. దానిని సవరించి కెనడా, అమెరికా దేశములు 2001లో క్రొత్త సూత్రమును అమలుపరచినవి. ఆ సూత్రము ప్రకారము 10 డిగ్రీల చలిలో గంటకు 20 కిలోమీటర్ల గాలి తగిలినచో మేనికి 7 డిగ్రీల చలివలె తోచును. 40 కిలోమీటర్లకు 6 డిగ్రీలు, 60 కిలోమీటర్లకు 5 డిగ్రీలు. గాలి ఉష్ణోగ్రత 5 డిగ్రీలే అయినచో, 40 కిలోమీటర్ల గాలిలో అది సున్నకు ఒక డిగ్రీ దిగువన ఉన్నట్లు తోచును. సూత్రములోని వేగము పది మీటర్ల ఎత్తున కొలిచినది. నేలకు చేరువలో గాలి అంత వేగముగా వీచదు. స్కూటరుపై ఉన్నవాని ముఖమునకు బండి వేగమంతయు నేరుగా తగులును గనుక, అతనికి చలి ఈ అంకెల కన్న కొంచెము ఎక్కువే.

ఈ అంకెల నుండి ఒక పాఠము తెలియును. వేగమును 40 నుండి 20కి తగ్గించినను దక్కిన మేలు ఒక్క డిగ్రీయే. చలి బాధలో అధిక భాగము మొదటి 20 కిలోమీటర్లలోనే వచ్చి చేరుచున్నది. కావున మెల్లగా పోవుట ఒక్కటే చలికి మందు కాదు. గాలిని మేనికి తగులనీయకుండుటయే మందు.

చేతుల సంగతి

చలిలో మొదట మొద్దుబారునవి వ్రేళ్లు. దీనికి కారణము శరీరము యొక్క పొదుపు బుద్ధి. గుండె, మెదడు మొదలగు ముఖ్యావయవముల వేడి తగ్గుచున్నదని గ్రహించగానే శరీరము చేతులకు, పాదములకు పోవు రక్తనాళములను ఇరుకు చేయును. చేతి చర్మపు ఉష్ణోగ్రత సుమారు 15 డిగ్రీలకు దిగువకు పోయినచో వ్రేళ్ల నేర్పు తగ్గును. మరింత దిగినచో స్పర్శయే తెలియదు.

గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక సెకనులో 11 మీటర్లు సాగును. మొద్దుబారిన వ్రేళ్లు బ్రేకు పట్టుటలో అర సెకను ఆలస్యము చేసినచో బండి అయిదున్నర మీటర్లు అధికముగా ముందుకు పోవును. చెరువు కట్ట మలుపులో మా మిత్రునికి తక్కువైనది ఆ దూరమే.

ఇందులో మరియొక సూక్ష్మము కలదు. చేతులకు రక్తము తగ్గుటకు కారణము ఛాతీ చల్లబడుటయే గనుక, తొడుగులు మాత్రము తొడిగి ఛాతీని గాలికి వదలినచో ప్రయోజనము సగమే. చేతులు వెచ్చగా ఉండవలెనన్న ముందు ఛాతీని కప్పుకొనవలెను.

చేయదగినవి

ఇటలీలో 1946లో వెస్పా స్కూటరును రూపొందించిన కొరాడినో దస్కానియో విమాన శాస్త్రము తెలిసిన ఇంజనీరు. బురద, గాలి కాళ్లకు తగులకుండ ఆయన ముందు భాగమున వెడల్పైన రేకును అమర్చినాడు. నేటికిని స్కూటర్లన్నిటికి ఆ అమరిక ఉన్నది. కావున మోకాళ్ల దిగువ భాగమునకు కొంత రక్షణ బండియే ఇచ్చుచున్నది. ఛాతీ, చేతులు, మెడ, ముఖము – వీటి బాధ్యత మనది.

మొదటిది: స్వెట్టరు ఒక్కటే చాలదు. ఉన్ని అల్లికలో గాలి నిలుచునుగాని, ఎదురుగాలి ఆ రంధ్రముల గుండ దూసికొని పోవును. స్వెట్టరుపై గాలి చొరని పొర ఒకటి ఉండవలెను. దీనికి ఖరీదైన జాకెట్టు అవసరము లేదు. వానకాలము పిదప అటక ఎక్కించిన రెయిన్ కోటు దీనికి చక్కగా సరిపోవును. అదియు లేనివారు దినపత్రికను నాలుగు మడతలు పెట్టి చొక్కాకు స్వెట్టరుకు నడుమ ఛాతీపై ఉంచుకొనవచ్చును. ఆల్ప్స్ కొండలలో సైకిలు పందెముల ఆటగాండ్రు కొండ దిగునప్పుడు ఈ ఉపాయమునే అనుసరించినారు. పత్రిక ఉర్దూది అయినను తెలుగుది అయినను వెచ్చదనము సమానమే. కళాశాల చేరిన పిదప చదువుకొనుటకు కూడ పనికివచ్చును.

రెండవది: గాలి చొరబడు ద్వారములను మూయవలెను. మెడ, మణికట్టు, చీలమండ – ఈ మూడు చోట్ల బట్ట వదులుగా ఉన్నచో లోపలి వెచ్చని గాలి వెడలిపోవును. చేతి తొడుగు మణికట్టును దాటి చొక్కా చేతిని కప్పవలెను. చెప్పులకు బదులు బూట్లు, మేజోళ్లు వాడవలెను. అయితే మేజోళ్లు గాని తొడుగులు గాని బిగుతుగా ఉండరాదు. బిగించినచో రక్తప్రసారము తగ్గి చలి హెచ్చును.

మూడవది: లోపలి బట్ట పొడిగా ఉండవలెను. నీరు నిశ్చలమైన గాలి కన్న సుమారు 24 రెట్లు సులభముగా వేడిని సాగనిచ్చును. తడి ఆరని చొక్కా, చెమట పట్టిన బనియను, స్నానము చేసి తుడుచుకొనని తల – ఈ మూడును చలికి తలుపు తెరచునవే.

నాలుగవది: బ్రేకు, క్లచ్చి పిడులు లోహముతో చేసినవి. అల్యూమినియము రబ్బరు కన్న వేయి రెట్లకు పైగా వేగముగా వేడిని లాగుకొనును. పాత సైకిలు ట్యూబు ముక్కను మెకానిక్కు చేత పిడికి తొడిగించినచో వ్రేళ్లకు ఎంతో హాయి. పిడి కదలికకు అడ్డు రాకుండ చూచుకొనుట ముఖ్యము.

ఐదవది: ఖాళీ కడుపుతో బయలుదేరరాదు. శరీరము వేడి పుట్టించుటకు ఆహారమే కట్టె. వణకు మొదలైనచో అది శరీరము చేయు హెచ్చరిక; బండి ఆపి, చేతులను చంకలలో ఉంచుకొని, నాలుగు అడుగులు నడిచి, పట్టు వచ్చిన పిదపనే సాగవలెను.

చేయరానివి

మఫ్లరు, శాలువ, చున్నీ కొసలను వ్రేలాడనీయరాదు. అవి చక్రములో చిక్కిన క్షణములో మెడకు ఉరి పడును. వెనుక కూర్చున్నవారి బట్టలు చిక్కకుండ వెనుక చక్రమునకు సగము వరకైనను కప్పు ఉండవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములు చెప్పుచున్నవి. మందమైన మంకీ క్యాపుపై శిరస్త్రాణమును బలవంతముగా బిగించినచో అది తలకు సరిగా కూర్చుండదు. చెవులకు పలుచని బట్ట చాలును. మొద్దుబారిన చేతులను సైలెన్సరుపై ఆనించరాదు. కాలినను వెంటనే తెలియదు. ఇంజను వేడెక్కుటకై మూసిన గదిలో బండిని నడుపరాదు. అందుండి వెలువడు కార్బన్ మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు. అది ప్రాణము తీయును.

ముందు నిలిచిన పసివాడు

ఈ వ్యాసమునకు ముఖ్యమైన మాట ఇకమీదట చెప్పుచున్నాము. మనలో అనేకులము కళాశాలకు వచ్చుచు, దారిలో తమ్మునో చెల్లెలినో బడి వద్ద దింపుచుంటిమి. పిల్లను ముందు నిలుపుకొనుట మన అలవాటు. అట్టి దినమున మనకు చలి తక్కువగా తోచును. ఎందువలన? మనకు తగులవలసిన గాలిని ఆ పసివాడు తన ముఖముతో, ఛాతీతో ఆపుచున్నాడు గనుక. శరీరపు బరువుతో పోల్చినచో చిన్న పిల్లలకు చర్మపు వైశాల్యము ఎక్కువ. అందువలన వారు మన కన్న త్వరగా చల్లబడుదురు. వారు బ్రేకు పట్టనక్కరలేదు గనుక వారి వ్రేళ్లు మొద్దుబారిన సంగతి మనకు తెలియదు. అడిగినను వాడు చలి లేదనియే చెప్పును. ముందు నిలుచుండుట వానికి ఉత్సాహము.

కావున పిల్లను వెనుక కూర్చుండబెట్టుకొనవలెను. తొమ్మిది నెలల నుండి నాలుగేండ్ల లోపు పిల్లలకు శిరస్త్రాణము, నడుపువానితో కలిపి కట్టు పట్టీ ఉండవలెననియు, వేగము 40 కిలోమీటర్లకు మించరాదనియు 2022లో చేసిన నియమము 2023 ఫిబ్రవరి నుండి అమలులోనికి వచ్చినది. ఇంటిలో గాలి చొరని కోటు ఒక్కటే ఉన్నచో, అది ఎవరికి దక్కవలెనో వేరుగా చెప్పనక్కరలేదు.

ముగింపు

శివరాత్రికి చలి శివశివా అనుచు వెడలిపోవునని పెద్దలు అందురు. అంతవరకు రెండు మూడు నెలల కాలము. కళాశాల పాలక సంఘము వారికి మా విన్నపములు రెండు. డిసెంబరు, జనవరి నెలలలో మొదటి గంటను అరగంట ఆలస్యముగా ప్రారంభించినచో విద్యార్థులు ఎండపొడ సోకిన దారిలో రాగలరు. అది వీలు కానిచో, ప్రయోగశాలలో గాజు పరికరములు పట్టుటకు ముందు చేతులు వెచ్చజేసికొనుటకు పది నిమిషముల వ్యవధి అనుగ్రహింపవలెను. విద్యార్థి మిత్రులకు మా మనవి ఒక్కటే: రేపు ఉదయము బండి తీయుటకు ముందు అటక మీది రెయిన్ కోటును దించుడు. ముందు నిలుచున్నవారు ఎవరైనను ఉన్నచో, మొదట వారికి తొడుగుడు.