నోటిలెక్క, కాగితం లెక్క
(బి.ఎస్‌సి. రెండవ సంవత్సరం విద్యార్థి)

వయోజన విద్య అనగానే మనకు పలక, బలపం, అ ఆలు గుర్తొస్తాయి. వేలిముద్ర పోయి సంతకం వస్తే పని అయిపోయిందనుకుంటాం. లెక్కల సంగతి ఎవరూ పెద్దగా తలవరు. జనాభా లెక్కలవారు కూడా ఏడేళ్లు దాటిన మనిషి ఏదో ఒక భాషను అర్థం చేసుకుని చదివి, రాయగలిగితే అక్షరాస్యుడంటారు. కూడిక వచ్చునా అని అడగరు. ఆ కొలత ప్రకారమే 2011లో నేటి తెలంగాణ ప్రాంతంలో ముగ్గురిలో ఒకరు నిరక్షరాస్యులు. మరి వీరికి లెక్కలు కూడా రావా?

వారికి వచ్చిన లెక్క

నల్లకుంట కూరగాయల మార్కెట్టుకు వెళ్లి చూడండి. కిలో నలభై రూపాయల టమాటాలు కిలో మూడువందల యాభై గ్రాములు తూగాయనుకుందాం. మనం 40ని 1.35తో గుణించటానికి ఫోను తీస్తాం. అమ్మే అవ్వ మాత్రం "కిలోకు నలభై, పావుకు పది, వందకు నాలుగు, మొత్తం యాభై నాలుగు" అంటుంది. మన పాఠ్యపుస్తకంలోని విభాగ న్యాయం ఇదే. పేరు తెలియదు గాని పద్ధతి ఆమెకు వచ్చు.

మాది వ్యవసాయ కుటుంబం. మా అమ్మ బడికి పోలేదు. కైకిలికి వచ్చినవారి లెక్క గోడ మీద బొగ్గు గీతలతో పెడుతుంది. నూటికి రెండు రూపాయల మిత్తికి ఇరవై వేలు తెస్తే నెలకు నాలుగువందలు, ఎనిమిది నెలలకు మూడువేల రెండువందలు అని వంట చేస్తూనే చెబుతుంది.

తేడా ఎక్కడ?

బ్రెజిల్ దేశంలోని రెసిఫె నగరంలో వీధుల్లో సరుకులమ్మే పిల్లలపై ముగ్గురు పరిశోధకులు జరిపిన పరిశీలన 1985లో అచ్చయింది. బేరం చేస్తూ అడిగితే ఆ పిల్లలు 98 శాతం సరైన జవాబులు చెప్పారు. అటువంటి లెక్కలనే వట్టి అంకెలుగా ఇచ్చి చేయమంటే అది 37 శాతానికి పడిపోయింది. అంటే లోపం తెలివిలో లేదు. నోటికీ కాగితానికీ మధ్య ఉంది.

ఆ సందులోనే నష్టం జరుగుతుంది. ఒకసారి మా నాన్న పత్తి అమ్మితే వ్యాపారి ఇచ్చిన తక్‌పట్టీలో సొమ్ము తక్కువ పడింది. ఎంత రావాలో నాన్నకు నోటిలెక్కలో తెలుసు. కాని తరుగులోనా, హమాలీలోనా, ఏ వరుసలో పోయిందో వేలు పెట్టి చూపలేకపోయాడు. "కాగితంలో ఉన్నదే లెక్క" అన్నాడు వ్యాపారి. నోటిలెక్క ఎంత నిజమైనా చెల్లేది కాగితం లెక్కే!

నేర్పే విధానం

కనుక పెద్దలకు లెక్కలు మొదటినుంచి నేర్పనక్కరలేదు. ఉన్న లెక్కను కాగితం మీదికి దించితే చాలు.

మొదట అంకెలు. ఫోను నొక్కేవారికి 0 నుంచి 9 వరకు చాలామట్టుకు తెలిసే ఉంటాయి. అక్కడినుంచే మొదలుపెట్టాలి.

రెండవది స్థానం. "రెండువందల అయిదు" అంటే కొత్తవారు విన్నది విన్నట్టుగా 2005 అని రాస్తారు. కాగితం మీద మూడు గడులు గీసి, వంద నోట్లు రెండు ఒక గడిలో, రూపాయి బిళ్లలు అయిదు చివరి గడిలో పెట్టించండి. మధ్య గడిలో పది నోటు లేదు. ఆ ఖాళీకి గుర్తు సున్న. ఇది ఒకసారి పట్టుబడితే మరి మరచిపోరు.

మూడవది మాటల్లో రాయటం. ప్రోనోటులో 20,000 పక్కన ఒక సున్న చేరితే రెండు లక్షలవుతుంది. అందుకే "ఇరవై వేలు మాత్రమే" అని అక్షరాల్లోనూ రాస్తారు. అక్షరానికీ అంకెకూ చుట్టరికం ఇక్కడ తెలుస్తుంది.

చివరగా వారి కాగితాలే పాఠాలు: తక్‌పట్టీ, కరెంటు బిల్లు, బ్యాంకు పాసుపుస్తకం, ఫీవర్ ఆసుపత్రిలో ఇచ్చే మందుల చీటీ.

బ్రతుకుతో ముడిపడిన పాఠమే నిలుస్తుంది. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం, 1988లో జాతీయ సాక్షరతా మిషన్ మొదలయ్యాయి. ఆ మిషన్ కాలంలోనే నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రాత్రిబడిలో తమ కష్టాలే పాఠంగా చదువుకున్నారు. సారాకు ఎదురు నిలిచారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధానికి దారితీసింది.

మన వంతు

నల్లకుంటను ఆనుకున్న విద్యానగర్‌లో ఆంధ్ర మహిళా సభ సంస్థలున్నాయి. దానిని స్థాపించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1971లో నెహ్రూ సాక్షరతా బహుమతి అందుకున్నారు. 2022లో కేంద్రం ప్రారంభించిన 'ఉల్లాస్' పథకంలో పదిహేనేళ్లు దాటినవారికి 150 మార్కుల పరీక్ష పెడతారు. అందులో చదవటానికి 50, రాయటానికి 50, లెక్కలకు 50. లెక్కలకు సమాన స్థానం దక్కటం సంతోషమే. బోధించేవారు స్వచ్ఛంద సేవకులే, విద్యార్థులూ చేరవచ్చు.

మిత్రులారా! మనలో చాలామందిమి జిల్లాలనుంచి వచ్చి ఇక్కడ గదులు అద్దెకు తీసుకున్నవాళ్లమే. మధ్యాహ్నం బేరాలు తగ్గిన వేళ మార్కెట్టులో ఒక అక్క దగ్గరో అవ్వ దగ్గరో ముప్పావుగంట కూర్చోలేమా? "మీరు" అని పిలిచి, వారి లెక్కను ముందు మనం విని, తర్వాత మన లెక్క చెబుదాం. సెలవులకు ఊరికి పోయినప్పుడు ఇంట్లోనూ అదే పని చేద్దాం. వచ్చే పత్తి సీజనుకు తక్‌పట్టీని వరుస వరుసగా చదివి "ఇదేంది సేటూ?" అని అడగగల రైతులు మన ఇళ్లనుంచే బయలుదేరాలి.