ఎనిమిది కిలోమీటర్ల కింద ఓ మెత్తటి చేప

ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో రో-జీ-హెచ్ అనగానే మనకి డ్యామ్ గోడ గుర్తొస్తుంది. ఈసారి ఆ లెక్క ఓ చేప మీద వేసి చూద్దాం. సముద్రంలో 8,000 మీటర్ల లోతున పీడనం సుమారు 800 అట్మాస్ఫియర్లు. అంటే వేలి గోరంత చోటు మీద దాదాపు 800 కిలోల బరువు! అక్కడ బతికేది ఉక్కులా ఉండాలి కదా?

పసిఫిక్‌లోని మరియానా ట్రెంచ్‌లో ఉండే స్నెయిల్‌ఫిష్ అలా ఉండదు. జానెడు, ఇంకాస్త పొడవు. పొలుసుల్లేవు. పల్చటి చర్మంలోంచి కాలేయం కనబడుతుంది. ఎముకలు సన్నం, పుర్రె కూడా పూర్తిగా మూసుకోదు. 2017లో దీనికి సూడోలిపారిస్ స్వైరీ అని పేరు పెట్టారు. 1875లో ఆ ట్రెంచ్ లోతుని మొదటిసారి కొలిచిన చాలెంజర్ ఓడలోని అధికారి హెర్బర్ట్ స్వైర్ పేరది.

మరి నలిగిపోదా? జలాంతర్గామి లోపల గాలి ఉంటుంది కాబట్టే దానికి మందపాటి గోడ కావాలి. ఈ చేప ఒంట్లో గాలిసంచే లేదు. లోపలా బయటా పీడనం ఒకటే, ఇక నలగడానికేముంది?

అసలు చిక్కు ప్రోటీన్లతో. మడతలుపడి పనిచేసే ఆ అణువులు అంత పీడనంలో ఆకారం తప్పుతాయి. విరుగుడు టీఎంఏఓ, అంటే ట్రైమిథైలమైన్ ఆక్సైడ్. ప్రోటీన్ల మడత చెడకుండా కాపాడే ఈ చిన్న అణువు, లోతు పెరిగేకొద్దీ చేపల కండరాల్లో ఎక్కువవుతుంది. (ఇది మన ముక్కుకి తెలిసిందే. చేప చచ్చాక బాక్టీరియా దీన్ని మార్చేస్తే వచ్చేదే చేపల మార్కెట్లో నీచు వాసన.)

అయితే ఎంత కావాలంటే అంత నింపుకోవచ్చా? కుదరదు. ఇంటర్ కెమిస్ట్రీలో చదివిన ఆస్మాసిస్ అడ్డొస్తుంది. మామూలు సముద్రపు చేప ఒళ్ళు బయటి నీటికంటే పలుచని ద్రావణం. టీఎంఏఓ చేరేకొద్దీ తేడా తగ్గుతూ, సుమారు 8,200 మీటర్ల దగ్గర రెండూ సమానమవుతాయని 2014లో పాల్ యాన్సీ బృందం లెక్కగట్టింది. ఇంకా దిగితే నీరు ఎదురు తిరిగి ఒంట్లోకి వస్తుంది. 2022లో జపాన్ దగ్గరి ఇజు-ఒగసవార ట్రెంచ్‌లో 8,336 మీటర్ల దగ్గర ఇదే జాతికి దగ్గరి చుట్టం కెమెరాకి చిక్కింది. కాగితం మీద వేసిన లెక్క అంత దగ్గరగా రావడం నాకైతే భలే అనిపించింది.

ఈ చేప ముఖ్యంగా తినేది ఆంఫిపాడ్లని, రొయ్యల్లాంటి చిన్న జీవులు. అవి మాత్రం దాదాపు 11,000 మీటర్ల అడుగుదాకా తిరుగుతుంటాయి. వాటి వెంట చేప అంత కిందికి దిగలేదు.