అడిగితే బస్సు ఆగుతుంది

విజయవాడ,
ఆదివారం ఉదయం.

చిరంజీవి చిన్నాకు,

బాబాయి ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఉద్యోగం మానేస్తానంటున్నావని, ఎందుకు రా అంటే తలుపేసుకుంటున్నావని చెప్పి ఏడ్చింది. నాకు సంగతి సంక్రాంతికే అర్థమైంది. పండగ పూట గారెలు ముట్టలేదు. అందరం కారెక్కి అమరావతి గుడికి వెళ్తుంటే తలనొప్పని ఇంట్లో ఉండిపోయావు. మేనత్త వాళ్లింటికి వెళ్లినప్పుడు గుమ్మంలో అడుగు పెడుతూనే బాత్రూమ్ ఎటువైపో చూసుకున్నావు, ఆ తర్వాతే పలకరింపులు. ఆ చూపు నేను ఎక్కడున్నా గుర్తుపడతాను నాన్నా. పదకొండేళ్లు అదే చూపుతో బతికాను.

ఈ సంగతి మీ పిన్నికి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. నీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

1989 ఎండాకాలం. అప్పుడు నేను విజయవాడ–హైదరాబాద్ సర్వీసులో కండక్టర్ని. అంతకు రెండు నెలల ముందు దారిలో ఎక్కడో తాగిన నీళ్లు పడక వారం రోజులు వాంతులు, విరేచనాలు. అవి తగ్గాయి గానీ కడుపు మళ్లీ మునుపటిలా కాలేదు. ఆ రోజు నందిగామ దాటాక మెలిపెట్టడం మొదలైంది. చిల్లకల్లు వరకు పళ్లు బిగించి ఓర్చుకున్నాను. కోదాడ ఇంకా దూరం. బస్సు నిండా జనం. ఒళ్లంతా చెమటలు, భుజాన డబ్బు సంచి, చేతిలో టికెట్ల ట్రే. ఇక తప్పక డ్రైవరు వెనక నిలబడి చెవిలో చెప్పాను. ఆయన ఒక్క మాట అడగలేదు. రోడ్డు పక్కన తుమ్మచెట్ల దగ్గర బస్సు ఆపాడు. సంచి ఆయన ఒళ్లో పడేసి పరిగెత్తాను.

తిరిగొచ్చేటప్పుడు తల ఎత్తలేకపోయాను. ముందు సీట్లో ఒక ముసలమ్మ మరచెంబులో నీళ్లిచ్చి, "మొహం కడుక్కో నాయనా" అంది. ఒకాయన లేచి తన సీట్లో కూర్చోమన్నాడు. తక్కినవాళ్లు నన్ను చూడనట్టే కిటికీల్లోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఒక్కరు కూడా నవ్వలేదు.

ఆ బస్సులో వాళ్లు నాకు ఎంత మర్యాద చేశారో గ్రహించడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అప్పుడైతే సిగ్గొక్కటే గుర్తుపెట్టుకున్నాను. డ్యూటీ రోజుల్లో తిండి మానేశాను. తెల్లవారుజామున ఒక టీ, మళ్లీ రాత్రికే అన్నం. దూరం సర్వీసులు పడితే ఏవో సాకులు చెప్పి మార్పించుకున్నాను. పెళ్లిళ్లకి పోలేదు. తిరుపతి ప్రయాణం మూడుసార్లు వాయిదా వేశాను. మందుల షాపులో అడిగి అమీబా మాత్రలని, గ్యాస్ మాత్రలని నెలకోసారి మింగాను. పదకొండు కిలోలు తగ్గిపోతే ఊళ్లో వాళ్లు ఏదో పెద్ద జబ్బే అనుకున్నారు. చివరికి 2000లో మీ పిన్ని పట్టుబట్టి పేగుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఆయన అన్ని పరీక్షలూ చేయించి, "మీ పేగుకి పుండు లేదు, గడ్డ లేదు. కానీ ఒకసారి దెబ్బ తిన్నాక అది బెదురుగొడ్డులా తయారైంది. దాన్ని కొట్టకుండా, ఆకలితో మాడ్చకుండా మచ్చిక చేసుకోండి" అన్నారు. ఐబీఎస్, అంటే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అనే మాట మొదటిసారి విన్నది అప్పుడే.

నీది కూడా అదే అని నేను అనడం లేదు. అది తేల్చాల్సింది డాక్టరు. అందుకే అన్నిటికంటే ముందు ఆ పని చెయ్యి. మలంలో రక్తం పడుతున్నా, జ్వరం వస్తున్నా, ప్రయత్నించకుండానే బరువు తగ్గుతున్నా, విరేచనం కోసం నిద్రలోంచి లేవాల్సి వస్తున్నా, మొహం పాలిపోయి రక్తం తక్కువైందన్నా వాయిదా వెయ్యకూడదు. అవి ఐబీఎస్ లక్షణాలు కావు, వాటి వెనక వేరే కారణం ఉండవచ్చు. మన ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉందా అని అడుగుతారు, లేదని చెప్పు. రక్తం, థైరాయిడ్, గోధుమ పడని సీలియాక్ జబ్బుకి పరీక్ష, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష రాయవచ్చు. పేగుల్లో వాపు ఉందో లేదో ఆ చివరిది చెబుతుంది. సిగ్గుపడి "కొంచెం గ్యాస్ ట్రబుల్ అండీ" అని మాత్రం అనొద్దు. రోజుకి ఎన్నిసార్లు వెళ్తున్నావు, నీళ్లలా ఉందా, జిగటగా ఉందా, వెళ్లొచ్చాక నొప్పి తగ్గుతోందా, అన్నీ విడమరిచి చెప్పు. మూడు నెలలుగా వారానికి ఒక రోజైనా కడుపునొప్పి వస్తూ, అది విరేచనంతో ముడిపడి ఉంటే డాక్టర్లు ఐబీఎస్ గురించి ఆలోచిస్తారు. నువ్వు దాచిన మాటే వాళ్లకి కావలసిన మాట కావచ్చు.

నీకు ఇది కిందటి శ్రావణంలో స్నేహితుడి పెళ్లి భోజనం తర్వాత మొదలైందని మీ అమ్మ చెప్పింది. ఆ రోజు కలుషితమైనదేదో తిని జబ్బు చేసి ఉంటుంది. అలా జబ్బు చేసినవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి, క్రిములు పోయాక కూడా పేగు సున్నితంగా మిగిలిపోతుందట. పేగుల గోడల్లో పది కోట్లకు పైగా నరాల కణాలున్నాయి. మెదడుకీ వాటికీ ఎడతెగని కబుర్లు. అందుకే నువ్వు భయపడితే పేగు కదులుతుంది, పేగు కదిలితే నువ్వు భయపడతావు. "అంతా నీ మనసులోనే ఉంది, ధైర్యంగా ఉండు" అని ఎవరైనా అంటే నొచ్చుకోకు, నమ్మనూ నమ్మకు. నీ నొప్పి నిజం. ఆ నొప్పిని పెంచే భయమూ నిజమే. రెండిటికీ వైద్యం ఉంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు ఒక పుస్తకం పెట్టు. మేము ప్రతి స్టేజీ దగ్గరా ఎంతమంది ఎక్కారు, ఎంతమంది దిగారు అని రాసుకునేవాళ్లం. లెక్క తేలకపోతే తప్పు ఎక్కడ జరిగిందో ఆ కాగితమే చెప్పేది. అలాగే రెండు వారాలు రాయి. ఎన్నింటికి ఏం తిన్నావు, ఎన్ని గంటలు పడుకున్నావు, ఆ రోజు ఆఫీసులో ఏముంది, కడుపు ఎప్పుడు గడబిడ చేసింది. నా పుస్తకంలో తేలింది ఇది: పరగడుపున తాగిన పాల టీ, ఆ పైన హోటల్లో మసాలా శనగలు, ముందు రాత్రి చాలని నిద్ర. ఈ మూడూ కలిసిన రోజు నాకు కోదాడ దాటడం కష్టమయ్యేది. ఒక్కటే ఉన్న రోజు ఏమీ అయ్యేది కాదు. నీ లెక్క వేరుగా ఉంటుంది. నీ పుస్తకమే నీకు చెప్పాలి.

తిండి మానేయడం మాత్రం ఈ రోజుతో ఆపు. ఖాళీ కడుపు నెమ్మదిగా ఉంటుందనుకున్నాను నేనూ. రోజంతా మాడి రాత్రి ఒక్కసారిగా తింటే పేగు మరింత గట్టిగా ముడుచుకుంటుంది. కొంచెం కొంచెంగా, వేళ తప్పకుండా తిను. మన అన్నం చాలామందికి పడే తిండే. పెసరకట్టు, చారు, బీరకాయ, పొట్లకాయ, అరటికాయ, పలుచటి మజ్జిగ. వీటితో మొదలుపెట్టు. మెల్‌బోర్న్‌లో ఉన్న మీ అక్క చెప్పింది, అక్కడి మోనాష్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇలాంటి కడుపుల కోసం ఒక ఆహార పద్ధతి తయారుచేశారట. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, శనగలు, రాజ్మా, పాలు లాంటివి కొందరి పేగుల్లో సరిగ్గా ఇంకక, పులిసి, గ్యాసూ నీళ్లూ చేరతాయి. వాటిని నాలుగు నుంచి ఆరు వారాలు తగ్గించి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి తిని చూడాలి. ఆ తిరిగి తినడమే ముఖ్యం. పట్టిక చూసి జన్మంతా అన్నీ మానేస్తే ఒంట్లో బలం పోతుంది. వీలైతే ఆహార నిపుణురాలి సాయంతో చెయ్యి. డాక్టరు సరేనంటే ఇసబ్గోల్ కొద్దికొద్దిగా మొదలుపెట్టి, దాంతో నీళ్లు బాగా తాగు.

విరేచనాలు ఎక్కువైన రోజు ఓఆర్‌ఎస్ పొట్లం కలుపుకో. దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో టీ చెంచా అంచుకి సమంగా కొలిచి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఉప్పు కొలత మించనివ్వకు. విరేచనాలు ఆపే మాత్ర ప్రయాణం రోజుకి పనికొస్తుంది గానీ డాక్టరుని అడక్కుండా వేసుకోకు, జ్వరమో రక్తమో ఉన్నప్పుడు అసలే వద్దు. షాపువాడిచ్చే యాంటీబయాటిక్‌ల జోలికి పోవద్దు. అవి అక్కర్లేనప్పుడు వేసుకుంటే పేగులో మనకి మేలు చేసే క్రిములు కూడా చస్తాయి. ఆ తప్పు నేను ఏళ్ల తరబడి చేశాను.

ఇక పొద్దుటి సంగతి. తిన్న కాసేపటికి పెద్దపేగు కదలడం అందరికీ ఉండేదే. పొద్దున పూట అది మరీ ఎక్కువ. నువ్వు లేచేది ఎనిమిదింటికి, ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కేది ఎనిమిదిన్నరకి. ఆ పరుగులో పేగు పని అమీర్‌పేటలో బండి మారేటప్పుడు మొదలవుతుంది. గంటన్నర ముందు లే. ఇంట్లోనే ఇంత తిను, తీరిగ్గా నడువు, బాత్రూమ్‌లో ఫోన్ లేకుండా కూర్చో. పేగుకి ఇంటి దగ్గరే తన పని చేసుకునే వేళ ఇవ్వు. నెల రోజులు ఇలా చేస్తే తేడా నీకే తెలుస్తుంది.

సంచిలో ఒక జత బట్టలు, నీళ్ల సీసా, కాగితపు రుమాళ్లు, ఓఆర్‌ఎస్ పెట్టుకో. దారిలో ఏ స్టేషన్లో మరుగుదొడ్డి ఎక్కడుందో ఒకసారి చూసిపెట్టుకో. సంచిని చాలా రోజులు తెరవను కూడా తెరవవు. ఉందన్న ధైర్యం చాలు.

నీకు అన్నిటికంటే కష్టంగా తోచేది ఆఫీసులో చెప్పడం. పొద్దున పదింటి మీటింగులో లేచి వెళ్తే ఏమనుకుంటారో అని కదా నీ బాధ? ఒక పాత సంగతి విను. 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే బెంగాలీ ఆయన సాహిబ్‌గంజ్ రైల్వే ఆఫీసుకి ఒక ఉత్తరం రాశారు. పనసపండు తిని కడుపుబ్బి, అహ్మద్‌పూర్ స్టేషన్లో దిగి వెళ్తే గార్డు ఈల వేశాడు, చెంబు ఒక చేత, పంచె ఒక చేత పట్టుకుని పరిగెత్తి ప్లాట్‌ఫారం మీద పడిపోయానని, రైలు వెళ్లిపోయిందని, ఉన్నదున్నట్టు రాశారు. రాని ఇంగ్లీషులోనే రాశారు. మామూలు పెట్టెల్లో మరుగుదొడ్లు రావడానికి ఆ ఉత్తరమే కారణమని చెప్పుకుంటారు. ఢిల్లీ రైలు మ్యూజియంలో దాన్ని భద్రంగా పెట్టారు. నవ్వుతారేమోనని ఆయన ఊరుకుని ఉంటే పడిన దెబ్బ ఆయనదే, పోయిన రైలూ ఆయనదే అయ్యేది.

నువ్వు అంత వివరంగా చెప్పక్కర్లేదు. మీ మేనేజరుతో విడిగా కూర్చుని ఇంతే చెప్పు: "నాకు పేగుల సమస్య ఉంది, వైద్యం చేయించుకుంటున్నాను. మీటింగు మధ్యలో ఒక్కోసారి లేచి వెళ్లాల్సి వస్తుంది. తలుపు దగ్గర కూర్చుంటాను. బాగా లేని రోజు ఇంటి నుంచి పని చేస్తాను. పని ఆగదు." నాలుగు ముక్కలు. డాక్టరు చీటీ ఉంటే చూపించు. లేవడానికి అనుమతి ముందే ఉందని తెలిస్తే, లేవాల్సిన అవసరమే సగం రోజులు రాదు. 2000లో నేను మా డిపోలో పెద్దాయనకి చెబితే, ఆయన కాగితం చూసి, "ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదయ్యా" అని ఒక్కటే అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఇన్ని చేసినా భయం వదలకపోతే, మనసు డాక్టరుని కలవమన్నా, నిద్రకీ దిగులుకీ ఇచ్చే మాత్ర తక్కువ మోతాదులో రాసినా కంగారుపడకు. అదే మాత్ర పేగు నరాలనీ నెమ్మది పరుస్తుంది. నేను ఏడాది వాడాను. ఇప్పటికీ నా కడుపు పూర్తిగా మాట వినదు. ఏడాదికి నాలుగైదుసార్లు గుర్తు చేస్తుంది. కానీ ఆ తర్వాత పంతొమ్మిదేళ్లు అదే రోడ్డు మీద డ్యూటీ చేసి రిటైరయ్యాను. తిరుపతి వెళ్లాను, కాశీ వెళ్లాను. జబ్బు పోయే దాకా ఆగుదామనుకుని ఉంటే ఈ రెండూ ఉండేవి కావు.

రాజీనామా ఉత్తరం ఇవ్వకు. కనీసం మూడు నెలలు ఆగు. డాక్టరు, పుస్తకం, పొద్దున లేవడం, మేనేజరుతో మాట. ఈ నాలుగూ అయ్యాక కూడా ఆ ఉద్యోగం వద్దనిపిస్తే అప్పుడు చూద్దాం. మీ నాన్నకి నేను చెబుతాను.

శుక్రవారం రాత్రి బస్సుకి నేను హైదరాబాద్ వస్తున్నాను. ఆదివారం పొద్దున మనిద్దరం కడుపు నిండా టిఫిన్ తిని ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కుదాం. రాయదుర్గం దాకా వెళ్దాం. మధ్యలో నీకు ఎక్కడ దిగాలనిపిస్తే అక్కడ దిగుదాం. ఎన్నిసార్లైనా సరే. ఎందుకని నేను అడగను. ఆ రోజు మా డ్రైవరు కూడా నన్ను అడగలేదు.

ఇట్లు,
మీ బాబాయి