ఇంటి కంప్యూటర్‌కు కొత్త డిస్క్: బుజ్జికి ఉత్తరం

హనుమకొండ



నువ్వు పంపిన మూడు లింకులూ తెరిచి చూశాను. మూడు డబ్బాల మీదా పెద్ద అక్షరాల్లో ఉన్నది ఒకటే మాట: సెకనుకు 7,000 ఎంబీ. ఆఫర్ రేపటితో అయిపోతుందట, ఆర్డర్ పెట్టేయనా అని అడిగావు. పెట్టకు బిడ్డా. ఆ మూడింట్లో ఒక్కటీ మీ ఇంటి కంప్యూటర్‌కు పనికిరాదు.

దుకాణం లెక్కల కోసం మీ బాపుతో ఆ మెషిన్ కొనిపించింది నేనే కాబట్టి దాని లోపల ఏముందో నాకు తెలుసు. నాలుగో తరం ఐ3, హెచ్81 బోర్డు. నువ్వు చూసినవి ఎం.2 రకం డ్రైవ్‌లు. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు ఉండే సన్నని పలకలు. పేరు పక్కన 2280 అని రాసేది అందుకే. వాటిని గుచ్చడానికి ఆ బోర్డు మీద స్లాటే లేదు. అడాప్టర్ కార్డు వేసి బిగిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. బిగించాక డ్రైవ్ కనిపిస్తుంది, ఫైళ్లు కూడా పెట్టుకోవచ్చు. కానీ ఆ కాలపు బయోస్‌లలో చాలావాటికి దాని మీంచి విండోస్ బూట్ చేయడం రాదు. మీకు కావలసింది 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ.

దాని వేగం సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. సాటా దారి అంతకు మించి మోయలేదు. 7,000 ఎక్కడ, 550 ఎక్కడ అని నీ మనసు చిన్నబోతుందని తెలుసు. అందుకే మీ కంప్యూటర్ ఇప్పుడెందుకంత నెమ్మదిగా ఉందో ముందు చెప్తాను. పాత హార్డ్‌డిస్క్‌లో పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 120 చుట్లు. ఏదైనా ఒక ముక్క చదవాలంటే చదివే తల ఆ వరస మీదికి జరగాలి, ఆ తర్వాత కావలసిన చోటు తిరిగి తిరిగి తల కిందికి వచ్చేదాకా ఆగాలి. రెండూ కలిపి పన్నెండు, పదమూడు మిల్లీసెకన్లు. విండోస్ లేచేటప్పుడు, లెక్కల ప్రోగ్రామ్ టాలీ తెరుచుకునేటప్పుడు అలాంటి చిన్న చిన్న ముక్కలు వేలకొద్దీ కావాలి. సెకనుకు వంద ముక్కలు కూడా అందించలేని డిస్క్ ముందు ప్రాసెసర్ ఖాళీగా కూర్చుంటుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. ఏ ముక్క అడిగినా మిల్లీసెకనులో పదో వంతుకు అటూఇటూగా చేతికొస్తుంది. ఆ నిరీక్షణ తగ్గడమే మీ ఇంట్లో తేడా తెస్తుంది. డబ్బా మీద వేసే 7,000 మాత్రం ఒకే పెద్ద ఫైలును ఏకబిగిన చదివినప్పటి లెక్క. రోజంతా వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు దాని విలువ తెలుస్తుంది. బిల్లుల ఎంట్రీలకూ, నీ ప్రాజెక్ట్ రిపోర్టుకూ, అమ్మ ఫోన్ ఫోటోలకూ తెలియదు.

నీ లాప్‌టాప్ సంగతి వేరు. దానికి ఎప్పుడైనా మార్చాల్సి వస్తే ఒక్కటి గుర్తుపెట్టుకో. ఎం.2 అన్నది ఆకారం పేరు మాత్రమే. అదే ఆకారంలో సాటావీ వస్తాయి, నువ్వు చూసిన వేగం రకం ఎన్‌వీఎంఈవీ వస్తాయి. మోడల్ నంబర్ చూసి ఏది పడుతుందో తేల్చుకున్నాకే కొనాలి.

డబ్బా మీద చాలా కంపెనీలు రాయని సంగతి ఒకటుంది: లోపలి చిప్ టీఎల్‌సీయా, క్యూఎల్‌సీయా? ఫ్లాష్ చిప్‌లో కోట్లాది గదులుంటాయి. ఒక్కో గదిలో కొంత విద్యుదావేశం బంధించి, అది ఎంతుందో కొలిచి, అందులో ఏం రాసి ఉందో తెలుసుకుంటారు. గదికి మూడు బిట్లు దాచేది టీఎల్‌సీ. దానికి ఎనిమిది స్థాయిలు గుర్తుపట్టడం రావాలి. నాలుగు బిట్లు దాచేది క్యూఎల్‌సీ. దానికి పదహారు. ఒకే గ్లాసు మీద ఎనిమిది గీతలుంటే నీళ్లు ఏ గీత దాకా ఉన్నాయో తేలిగ్గా చెప్పొచ్చు, పదహారు గీస్తే వంగి చూడాలి, పోసేటప్పుడూ చుక్క చుక్కగా పోయాలి. అందుకే క్యూఎల్‌సీలో రాయడం నెమ్మది, అరుగుదల ఎక్కువ. ఆ నెమ్మది కనబడకుండా కొంత భాగాన్ని గదికి ఒక్క బిట్ లెక్కన వాడి అక్కడ గబగబా రాసుకుంటారు. ఆ భాగం నిండిందంటే అసలు వేగం బయటపడుతుంది. పెళ్లి వీడియోలు ఒకేసారి కాపీ చేస్తుంటే మధ్యలో మన పాత హార్డ్‌డిస్క్ కంటే కిందికి దిగజారే క్యూఎల్‌సీ డ్రైవ్‌లున్నాయి.

శాంసంగ్‌నే తీసుకో. 870 ఈవో టీఎల్‌సీ, 870 క్యూవీవో క్యూఎల్‌సీ. ఒక టీబీ ఈవోకు 600 టీబీ రాసేదాకా లేదా ఐదేళ్లు వారంటీ. అదే సైజు క్యూవీవోకు 360 టీబీ, మూడేళ్లు. ఏ సరుకు ఎంత నిలబడుతుందని తాను నమ్ముతోందో కంపెనీయే ఆ అంకెల్లో చెప్పేసింది. ఇంటికి ఐదేళ్ల వారంటీ ఉన్న టీఎల్‌సీ తప్ప వేరేది నేను ఒప్పుకోను. ధరలో వచ్చే తేడా చిన్నది.

అలాగని అరిగిపోతుందేమోనని భయపడుతూ వాడక్కర్లేదు. 500 జీబీ ఈవోకు 300 టీబీ హామీ ఉంది. మీ ఇంట్లో రోజుకు 30 జీబీ రాశారనుకో, అది నిజానికి చాలా ఎక్కువ, అప్పుడు కూడా ఆ లెక్క తీరడానికి 27 ఏళ్లు పడుతుంది. అప్పటికి ఆ కంప్యూటరే ఉండదు.

డీరామ్ సంగతి కూడా చూడు. ఏ ఫైలు ఏ గదుల్లో ఉందో చెప్పే పట్టికను మంచి డ్రైవ్‌లు తమ సొంత ర్యామ్‌లో పెట్టుకుంటాయి. చవక రకాలకు అది ఉండదు. ఎన్‌వీఎంఈ అయితే కంప్యూటర్ ర్యామ్‌లోంచే కొంచెం అరువు తీసుకునే ఏర్పాటుంది కాబట్టి డీరామ్ లేకపోయినా ఇంటి పనికి లోటు తెలియదు. సాటాకు ఆ ఏర్పాటు లేదు. మీరు కొనేది సాటా, కాబట్టి డీరామ్ ఉన్నదే కావాలి. క్రూషియల్ ఎంఎక్స్500 అని ఒక మంచి డ్రైవ్ ఉండేది, అడిగిన వాళ్లందరికీ అదే చెప్పేవాణ్ని. మైక్రాన్ కంపెనీ ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వైపు మొగ్గి, క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మడం ఆపేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. అదే గిరాకీ వల్ల ధరలు కూడా పెరిగాయి. అందుకని నా ఓటు 870 ఈవోకే.

సైజు 500 జీబీ చాలు. ఇప్పుడు 210 జీబీ నిండి ఉందన్నావు. 250 జీబీది కొంటే మొదటి రోజే కిక్కిరిసిపోతుంది. ఎస్‌ఎస్‌డీకి ఖాళీ చోటు ఊపిరాడటానికి కావాలి. రాసేటప్పుడు చిన్న పేజీల్లో రాసినా, చెరిపేటప్పుడు మాత్రం పెద్ద బ్లాకుల లెక్కనే చెరపాలి. నిండుగా ఉంటే ఉన్నవాటిని అటూఇటూ జరపడంలోనే సగం శ్రమ పోతుంది. ఎప్పుడూ ఐదో వంతు ఖాళీగా ఉంచండి. బిగించాక విండోస్‌లో 465 అని కనిపిస్తే మోసమనుకోకు. కంపెనీ వెయ్యి లెక్కన, విండోస్ 1,024 లెక్కన కొలుస్తాయి, అంతే.

మరి ఒక టీబీ ఎందుకు వద్దంటున్నానంటే, ఆ మెషిన్ ఆయుష్షు దృష్ట్యా. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, ఆ ప్రాసెసర్‌ను విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. లెక్కలకూ చదువుకూ ఇంకొన్నాళ్లు వాడుకోండి, బ్యాంకు పనులు మాత్రం దాని మీద పెట్టుకోవద్దని మీ బాపుతో చెప్పు. తర్వాత ఈ ఎస్‌ఎస్‌డీని ఊడదీసి యూఎస్‌బీ కేస్‌లో పెడితే వేరే కంప్యూటర్‌కు తగిలించుకోవచ్చు, డబ్బు ఎటూ పోదు.

ఎవరైనా హైదరాబాద్ వెళ్తుంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు వెళ్లి కొనుక్కురమ్మను. ఆన్‌లైన్‌లో అయితే అమ్మేది ఎవరో చూసుకో. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్ వేయించుకోవాలి. వందల రూపాయల్లో టీబీలు ఇస్తామనే డ్రైవ్‌ల జోలికి పోకు. లోపల చిన్న మెమరీ చిప్ పెట్టి పెద్ద సైజు చూపించేలా చేస్తారు. నిండాక పాత ఫోటోల మీదే కొత్తవి రాసేస్తుంది, తెరిచి చూస్తే కానీ తెలియదు. ఏది కొన్నా మొదట హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో మొత్తం ఒకసారి రాసి చదివించు. గంటో రెండు గంటలో పడుతుంది, మనసు నిమ్మళంగా ఉంటుంది.

డబ్బాలో సాటా కేబుల్ రాదు, విడిగా తెప్పించు. 3.5 అంగుళాల చోట కూర్చోవడానికి బ్రాకెట్ కూడా. హెచ్81లో నాలుగు సాటా పోర్టులుంటే రెండే పూర్తి వేగానివి. చాలా బోర్డుల మీద పక్కనే 6జీ అని ముద్రించి ఉంటుంది, దానికే తగిలించు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట. హార్డ్‌డిస్క్ పోయే ముందు తరచూ టక్‌టక్‌మని చప్పుడు చేస్తుంది, నెమ్మదిస్తుంది, కాస్త వ్యవధి ఇస్తుంది. ఎస్‌ఎస్‌డీ చాలాసార్లు ఏ చప్పుడూ లేకుండా ఒక పొద్దున కనిపించడం మానేస్తుంది. పొరపాటున డిలీట్ చేసినదాన్ని వెనక్కి రప్పించడం కూడా కష్టమే. ట్రిమ్ అనే ఏర్పాటు ఖాళీ అయిన గదులను తుడిపించేస్తుంది. నాయనమ్మ ఫోటోలు, గొంతు రికార్డు చేసినవి ఆ కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా లేవని మొన్న మీ అమ్మ అన్నప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. 7,000 ఎంబీ డ్రైవ్ కోసం కూడబెట్టిన దాంట్లో మిగిలేది ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌కు పెట్టు. బీరువాలో ఏళ్లపాటు దాచడానికి ఎస్‌ఎస్‌డీ వద్దు. కరెంటు తగలకుండా, మన ఎండల వేడిలో పడి ఉంటే బంధించిన ఆవేశం మెల్లగా కారిపోతుంది. టాలీ డేటా ప్రతి వారం, ఫోటోలు ప్రతి నెలా ఆ హార్డ్‌డిస్క్‌లోకి వెళ్లాలి. ఫోటోల ఇంకో కాపీ నా దగ్గర ఉంచుతాను, దసరాకు వచ్చినప్పుడు పట్టుకురా.

యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి చాలా కాలమైందని మీ బాపు అన్నాడు. ఎస్‌ఎస్‌డీ వేసేలోపు అది మార్పించు. రాస్తుండగా కరెంటు పోతే తట్టుకునే కెపాసిటర్లు ఇళ్లకు అమ్మే డ్రైవ్‌లలో చాలావాటికి ఉండవు.

పాత డిస్క్‌ను కొత్తదాంట్లోకి క్లోన్ చేసే ముందే టాలీ డేటా, ఫోటోలు వేరేగా కాపీ తీసి, నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడు. పాత డిస్క్‌ను ఫార్మాట్ కొట్టకు. నెల రోజులు అలాగే పక్కన పెట్టు. ముందు కేబినెట్ పక్క రేకు తీసి, బోర్డు మొత్తం కనిపించేలా ఫోటో తీసి నాకు పంపు. పోర్టులు చూసి చెప్పాకే ఆర్డర్ పెట్టు. బిగించే రోజు వీడియో కాల్‌లో నేను ఉంటాను.

ఇట్లు,
మీ పెద్దబాపు