యంత్రానికీ అర్థమయ్యేలా రాయడం ఎలా?



దర్శి హాస్టల్లో ఉండి చదువుకున్న మేము ఈ మధ్యే ఎం.సి.ఎ. పూర్తి చేశాం. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూడటం మాతోనే మొదలు. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగితే, మేము నేర్చుకున్న దానిలో మీకు పనికొచ్చే ఒక పాఠం రాస్తున్నాం.

ముందుగా మా అనుభవం

ఇంటర్ రెండో సంవత్సరంలో ఒక దరఖాస్తు నింపాం. "పేరు" అన్న చోట స్కూలు రిజిస్టరులో ఉన్న పేరు రాశాం. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది. దరఖాస్తు తిరిగొచ్చింది. కారణం: "వివరాలు సరిపోలలేదు". ఏ వివరమో చెప్పలేదు. మా అమ్మ మిరపకాయల కోతలు మానుకొని మూడు రోజులు ఆ కార్యాలయం చుట్టూ తిరిగింది. మూడు రోజుల కూలి పోయింది. "పేరు ఆధార్‌లో ఉన్నట్లే రాయండి" అని ఒక్క వాక్యం ఉంటే సరిపోయేది. అప్పట్లో తప్పు మాదే అనుకున్నాం. సాఫ్ట్‌వేర్ చదివాక అది రాసినవారి లోపమని తెలిసింది.

ఏజెంట్ అంటే ఏమిటి?

ఒక పనిని చేసిపెట్టే చిన్న ప్రోగ్రామును టూల్ అంటారు. ఏ.ఐ. ఏజెంట్‌కు మనం లక్ష్యం చెబితే, ఏ టూల్ ఎప్పుడు వాడాలో అదే ఎంచుకుంటుంది. సాధారణంగా అది టూల్ లోపలి కోడ్ చూడదు. పేరు, వివరణ, ఇవ్వవలసిన సమాచారం, ఈ మూడే చూస్తుంది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లోనూ టూల్‌ను ఇలాగే పరిచయం చేస్తారు.

మన రాష్ట్రంలో 2025 జనవరి 30న "మన మిత్ర" పేరుతో 161 సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. అలాంటి చోట మనకు సందేహం వస్తే పక్కవాణ్ణి అడుగుతాం. రేపు ఆ పని మన తరఫున ఏజెంట్ చేస్తే దానికి పక్కవాడు ఉండడు. వివరణ సరిగా లేకపోతే ఊహిస్తుంది. ఊహ తప్పినా పని అయిపోయిందనే చెప్పవచ్చు. నష్టపోయేది మాత్రం మా అమ్మలాంటివాళ్లే.

ఒక ఉదాహరణ

హాస్టల్ సరుకుల కోసం ఒక టూల్ రాశామనుకోండి.

సరిగా లేని వివరణ: "సరుకు - స్టాకు చూసుకుంటుంది."

సరైన వివరణ: "సరుకు_జారీ - స్టోరు నుంచి వంటకు ఇచ్చిన సరుకును స్టాకు రిజిస్టరులో తగ్గిస్తుంది. కొత్తగా వచ్చిన సరుకుకు దీన్ని వాడకూడదు, సరుకు_రాక వాడాలి. పరిమాణం కిలోల్లో ఇవ్వాలి."

గుర్తుంచుకోవలసిన అంశాలు

1. ఎప్పుడు వాడాలో రాసినట్లే, ఎప్పుడు వాడకూడదో కూడా రాయాలి.

2. కొలత తప్పక రాయాలి. మేము మొదట రాసిన వివరణ మా అమ్మకు చదివి వినిపించాం. ఆమెకు చదువు రాదు. "మిరపకాయలు పది అన్నావు, పది కిలోలా, పది టిక్కీలా?" అని అడిగింది. గుంటూరు యార్డులో ధర క్వింటాలుకు చెబుతారు, బస్తాను టిక్కీ అంటారు, వంటగదిలో కిలో లెక్క. మేము ఏదీ రాయలేదు!

3. తేదీ ఏ వరుసలో ఇవ్వాలో చెప్పాలి. 03-04-2025 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికా వారికి మార్చి 4. అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 8601 ప్రకారం 2025-04-03 అని రాస్తే గొడవ లేదు.

4. వెనక్కి తీసుకోలేని పనైతే ముందే హెచ్చరించాలి. రెండుసార్లు నడిపితే సరుకు రెండుసార్లు తగ్గుతుందా అన్నదీ చెప్పాలి. పైన చెప్పిన ప్రోటోకాల్‌లో 2025 మార్చి సవరణతో ఇలాంటి గుర్తులు చేరాయి. అయితే అవి సూచనలే, తాళాలు కావు. చెరిపేసే పనికి మనిషి అనుమతి ఉండాల్సిందే.

5. తప్పు జరిగితే ఏది తప్పో, ఏం చేస్తే సరవుతుందో చెప్పాలి. "వివరాలు సరిపోలలేదు" అనకుండా "పేరు ఆధార్‌తో కలవలేదు, ఆధార్‌లో ఉన్నట్లు రాసి మళ్లీ పంపండి" అనాలి.

మీకు అభ్యాసం

కంప్యూటరు లేకపోయినా ఇది నేర్చుకోవచ్చు. హాస్టల్ మోటారు వేసే పద్ధతిని కాగితం మీద రాయండి. ఎప్పుడూ మోటారు వేయని తమ్ముడికి ఇచ్చి, మీరు నోరు మెదపకుండా చూడండి. వాడు ఎక్కడ ఆగి మీ ముఖం చూస్తాడో అక్కడ ఒక వాక్యం తక్కువైందని అర్థం. ఆ వాక్యం చేర్చండి.

రేపు మీలో కొందరు ప్రోగ్రాములు రాస్తారు, కొందరు ఆఫీసుల్లో కూర్చుని దరఖాస్తులు తయారుచేస్తారు. ఆ రోజున కోత మానుకొని వచ్చిన ఒక అమ్మ మీ కిటికీ దగ్గర నిలబడుతుందని మరవకండి.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.