ఫోల్డర్ల వరుస ఎందుకు తప్పింది?

కంప్యూటర్ చూపించింది కదా, సరిగానే ఉంటుందని నమ్మి మేము ఒక పొరపాటు చేశాం. మన తమ్ముళ్లు మళ్లీ అదే చేయకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

స్కాలర్‌షిప్ రెన్యువల్ కోసం గదికొక ఫోల్డర్ చొప్పున రూమ్1 నుంచి రూమ్12 దాకా పెట్టి, అందరి ఆదాయ ధ్రువపత్రాలు స్కాన్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించాం. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో జాబితా తీశాం. ఒక్కో ఫోల్డర్‌లో ఎన్ని పత్రాలున్నాయో లెక్కపెట్టి, ఆ అంకెలను గదుల రిజిస్టర్‌లో పైనుంచి కిందికి రాసుకుంటూ పోయాం. వరుస చూశాం గానీ పేరు చూడలేదు. రెండో గదికి ఎదురుగా 5 పడింది. ఆ గదిలో ఉండేది ఆరుగురు. అందరికంటే ఆలస్యంగా పత్రం ఇచ్చిన తమ్ముడిదే పోయి ఉంటుందని అతన్ని ఊరికి పంపాం. వాళ్ల నాన్న కూలి మానుకొని మండల కార్యాలయం చుట్టూ తిరిగాడు. తీరా చూస్తే ఆ పత్రం రూమ్2లో భద్రంగా ఉంది. మేము లెక్కపెట్టింది రూమ్10ని!

జాబితా తీసే కమాండ్ డి-ఐ-ఆర్. (అక్షరాలు పలికినట్టు రాస్తున్నాం, కీబోర్డు మీద ఇంగ్లీషులోనే కొట్టాలి.) దాన్ని ఒక్కదాన్నే కొడితే డిస్క్ ఏ వరుసలో ఇస్తే ఆ వరుసే వస్తుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ హార్డ్ డిస్క్ పేర్లను అక్షరక్రమంలోనే ఉంచుకుంటుంది కాబట్టి తేడా కనిపించదు. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో అలా కాదు, ముందు ఎక్కించింది ముందు వస్తుంది. మధ్యలో ఏదైనా తీసేస్తే ఆ ఖాళీలోకి కొత్తది వచ్చి కూర్చోవచ్చు కూడా.

అందుకని పక్కన స్లాష్, ఓ, కోలన్, జి, ఎన్ చేర్చాలి. జి అంటే ఫోల్డర్లు ముందు, ఎన్ అంటే పేరు వరుస. తిరగేసి ఎన్, జి అని కొడితే ఫోల్డర్లు, ఫైళ్లు కలిసిపోతాయి. ఎందుకంటే పేరుతోనే వరుస తేలిపోయాక జి చేయడానికి పనేమీ మిగలదు.

ఇంతవరకు మాకు తెలుసు. తెలిసే మోసపోయాం. ఈ కమాండ్‌కు 10 అనేది పది కాదు, ఒకటి పక్కన సున్నా. నిఘంటువులో మాట పొడవు చూడకుండా ఒక్కో అక్షరం పోల్చుకుంటూ పోతాం కదా, ఇదీ అంతే. 2 కంటే 1 ముందు కాబట్టి రూమ్1, రూమ్10, రూమ్11, రూమ్12, ఆ తరువాతే రూమ్2. విండోస్ ఎక్స్‌పీ నుంచి మౌస్‌తో తెరిచే కిటికీలో మాత్రం అంకెల్ని అంకెలుగానే చూసి 1, 2, 3 అని పేరుస్తారు. అక్కడ సరిగా కనిపించడం వల్లే మాకు అనుమానం రాలేదు.

మందు చిన్నదే. పేరులో రూమ్01, రూమ్02 అని సున్నా చేర్చాలి. వంద దాటేవైతే 001. తేదీతో పేరు పెడితే ముందు సంవత్సరం, తరువాత నెల, చివర రోజు. ఇవన్నీ చేసినా ఒక కంప్యూటర్‌లో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా వస్తుంటే సెట్ డి-ఐ-ఆర్-సి-ఎం-డి అని కొట్టి చూడండి. ఎవరో ముందే తమకు నచ్చిన వరుస అందులో పెట్టి ఉండవచ్చు.

మా పన్నెండు ఫోల్డర్లకూ ఆ రాత్రే పేర్లు మార్చి, రిజిస్టర్ తిరగరాశాం. తమ్ముడి బస్సు ఛార్జీ తలా కొంత వేసుకొని ఇచ్చాం. వాళ్ల నాన్న కూలి ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు.