పాలకుర్తి గుట్టకు ఒక దినం

తెలంగాణ పీఠభూమిలో ఏ ఊరి పొలిమేరన నిలిచి చూచినా ఏదో ఒక దిక్కున ఒక గుట్ట కనిపిస్తుంది. అమరకోశం పర్వతానికి చెప్పిన పర్యాయపదాలలో ‘శిలోచ్చయం’ ఒకటి. రాళ్ల ప్రోగు అని దాని అర్థం. హిమాలయానికి ఈ మాట ఎంతవరకు పొసగుతుందో గాని, గుండు మీద గుండు పేర్చినట్లుండే మన గుట్టలకు మాత్రం చక్కగా అమరుతుంది. ఇవి గ్రానైటు శిలలు. వీటి వయస్సు 250 కోట్ల సంవత్సరాలకు పైబడినదని భూగర్భ శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. నీరు, ఎండ, చలి యుగాల తరబడి పగుళ్ల వెంట శిలను తొలిచి, అంచులను అరగదీసి ఈ గుండ్లను రూపొందించాయి. కరీంనగర్, ఖమ్మం ప్రాంతాలలో క్వారీల వల్ల కొన్ని గుట్టలు కరిగిపోయాయి. ప్రకృతికి కోట్ల ఏండ్లు పట్టిన పనిని యంత్రాలు కొద్దికాలంలోనే చెరిపివేస్తున్నాయి.

స్టేషన్ ఘన్‌పూర్ సికింద్రాబాదు – కాజీపేట రైలు మార్గంలో ఉన్న ఊరు. ఘనపురం అనే పేరు గల ఊళ్లు ఈ సీమలో మరికొన్ని ఉన్నందున రైలు స్టేషను పేరే దీనికి ఆనవాలుగా నిలిచిపోయింది. 2016లో ఏర్పడిన జనగామ జిల్లాలో ఇది చేరింది. ఇక్కడి నుంచి ఒక్క దినంలో గుట్ట ఎక్కి రాదలచిన వారికి దగ్గరలో ఉన్నది చిల్పూరు గుట్ట. అక్కడి దైవం బుగులు వేంకటేశ్వరస్వామి. కుబేరుని అప్పు తీర్చలేని స్వామి చింతతో ఇక్కడికి వచ్చి దాగినాడని స్థానికులు చెప్పుకొంటారు. బుగులు అంటే తెలంగాణ వాడుకలో భయం, దిగులు. దేవునికి సైతం అప్పుల బాధ తప్పలేదని చెప్పిన ఈ కథలో రైతు గుండె చప్పుడు వినిపిస్తుంది.

కొంత దూరమైనా ఫరవాలేదనుకొనేవారికి దక్షిణంగా ఇరవై కిలోమీటర్లకు పైబడిన దూరంలో పాలకుర్తి ఉన్నది. సోమేశ్వరుడు, లక్ష్మీనరసింహుడు ఒకే గుట్టపై వెలసిన క్షేత్రమిది. బసవపురాణ కర్త పాల్కురికి సోమనాథుని ఊరు ఇదేనని పండితులలో అధికుల అభిప్రాయం. ఆ మహాకవి తన పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమనే పేరుతో ఒక భాగాన్నే శ్రీశైల యాత్రకు కేటాయించాడు. భక్తుల నడకను, పాటలను, బారులు తీరిన జనాన్ని ద్విపదలో చూపిన కవి జన్మస్థలంలో గుట్ట ఎక్కడం సాహిత్య విద్యార్థికి ప్రత్యేకమైన ఆసక్తిని కలిగిస్తుంది. పోతన పేరుతో ముడిపడిన బమ్మెర, వాల్మీకి పేరుతో ముడిపడిన వల్మిడి కూడా ఆ మండలంలోనివే. అయితే ఈ మూడింటినీ ఒకే దినంలో చుట్టివేయాలనుకోవడం తగదు. అట్లా చేస్తే దేనినీ చూచినట్లు కాదు.

చిన్న గుట్ట కదా, ఆలోచించవలసినది ఏమున్నదని తలచడమే అసలు ప్రమాదం. స్కాట్లండు దేశంలో ఇట్టి రాతి కొండలు అనేకం. వాటిని ఎక్కే అలవాటు గల విలియం నైస్మిత్ అనే ఆయన 1892లో ఒక లెక్క చెప్పాడు. సమతలంపై మూడు మైళ్లకు, అనగా సుమారు ఐదు కిలోమీటర్లకు ఒక గంట. ఎక్కవలసిన ప్రతి రెండువేల అడుగులకు, అనగా సుమారు 600 మీటర్లకు మరొక గంట. ఈ లెక్కన నాలుగు కిలోమీటర్ల నడక, 120 మీటర్ల ఎత్తు గల దారికి 48 నిమిషాలు, 12 నిమిషాలు కలిపి ఒక గంట చాలును. కాని అది ఆరోగ్యవంతుడు ఎక్కడా ఆగకుండా నడిచే లెక్క. పిల్లలు, వృద్ధులు ఉన్న బృందం ఈ కాలాన్ని రెట్టింపు చేసుకోవాలి. బృందంలో అందరికంటె మెల్లగా నడిచేవారి వేగమే అందరి వేగం కావాలి.

స్కాట్లండులో నడిచేవారు వానకు, పొగమంచుకు జంకుతారు. డిసెంబరులో అక్కడి పగలు ఏడు గంటలే. మన ప్రాంతంలో అదే నెలలో పగలు సుమారు పదకొండు గంటలు ఉంటుంది. ఇక్కడ శత్రువు ఎండ. వేసవిలో నలభై డిగ్రీలు దాటిన వేళ పరుపుబండపై నడవడం పెనంపై నడవడమే. కనుక కార్తికం నుంచి మాఘం వరకు గల కాలమే మేలు. అప్పుడైనా ఉదయం ఏడు గంటలకల్లా ఘన్‌పూర్ విడవాలి. నడిచే ప్రతి గంటకు మనిషికి కనీసం అర లీటరు నీరు, ఎండ ముదిరితే లీటరు చేతనుండాలి. పైన దొరుకుతుందిలే అనుకొని ఖాళీ సీసాతో బయలుదేరరాదు. సద్ది మూటకు జొన్నరొట్టె, పులిహోర వంటివి అనుకూలం. కోతులున్న చోట ఆ మూట విప్పకుండా ఉండడమే తెలివి.

మెట్ల దారి అందరికీ సులభమే. గుట్టలో ఇరుకైన చీలిక ఒకటి ఉన్నది. ప్రదక్షిణ చేయలేక అలసిన ఒక వృద్ధురాలి కోసం శివుడు కొండను చీల్చి దారి ఇచ్చాడని జనశ్రుతి. కథను నమ్మినా నమ్మకపోయినా, అక్కడ ఒకరి వెనుక ఒకరు నిదానంగా సాగవలసిందే. మెట్లు విడిచి గుండ్ల నడుమకు పోదలచినవారు మాత్రం ముందుగా ఊరివారిని అడిగి తెలుసుకోవాలి. చరియలకు వ్రేలాడే పెద్ద తేనెపట్ల దాపున కేకలు వేయడం, పొగ పెట్టడం ప్రాణాంతకం. వాన వెలిసిన మరునాడు పాచి పట్టిన బండపై అడుగు నిలువదు.

తిరుగు వేళను బయలుదేరక మునుపే నిర్ణయించి ఇంటివారికి చెప్పి రావాలి. ఆ వేళ కాగానే శిఖరం నాలుగడుగుల దూరంలో ఉన్నా వెనుదిరగాలి. ఎక్కేటప్పటికంటె దిగేటప్పుడే అలసిన కాళ్లు జారుతాయి. డిసెంబరులో సాయంత్రం ఆరు గంటలు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. నాలుగు గంటలకు దిగడం మొదలుపెట్టినవారు వెలుతురుండగానే బస్టాండు చేరి, ఘన్‌పూర్ బస్సు కోసం తీరికగా నిలబడవచ్చును.